పిల్లలకు ప్రభుత్వ వైద్యం అందాలంటే: కాగితాల నుంచి ఆపరేషన్ దాకా వరస తప్పకుండా ఏం చేయాలి

"మా పాపకు వర్తిస్తుందా? ముందు ఎక్కడికి వెళ్లాలి? ఎవర్ని అడగాలి?" పిల్లల వైద్యం విషయంలో ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఈ మూడే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉండే తల్లిదండ్రుల కోసం వాటికి జవాబులు ఇక్కడ ఒక వరసలో పెట్టాం.

వరస అని ఎందుకంటున్నామంటే, ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు నగదు రహితం. ఆసుపత్రిలో డబ్బు కట్టేసి, తర్వాత బిల్లులు పట్టుకెళ్తే పథకం కింద తిరిగి ఇవ్వరు. అర్హత ఉండి కూడా అప్పులపాలైన కుటుంబాల్లో చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. ముందు అడగాల్సింది తర్వాత అడుగుతారు.

## 1. రోగం రాకముందే చేయాల్సిన కాగితాల పని

జనన ధ్రువపత్రం. పుట్టిన 21 రోజుల్లోపు నమోదైతే రుసుము ఉండదు. ఆసుపత్రిలో కాన్పు అయితే వివరాలు పంపే బాధ్యత ఆసుపత్రిదే. అయినా డిశ్చార్జ్ రోజున "నమోదుకు పంపారా?" అని అడగండి. తల్లి, తండ్రి పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాశారో లేదో అక్కడే చూసుకోండి.

చాలామంది బారసాల అయ్యాక, పేరు ఖాయమయ్యాక చూద్దామని ఆగుతారు. బారసాల 21వ రోజున, గడువూ 21 రోజులే! పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు, పేరు తర్వాత ఎక్కించుకోవచ్చు. ఏడాది దాటిపోతే మాత్రం మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్లాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా ఈ పత్రాన్నే చూస్తున్నారు, కాబట్టి అశ్రద్ధ వద్దు.

బాల ఆధార్. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు. జనన ధ్రువపత్రం, తల్లి లేదా తండ్రి ఆధార్ ఉంటే చాలు. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక మరోసారి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి. మొదటిది ఏడేళ్లు దాటినా చేయించకపోతే నంబరు పనిచేయకుండా పోవచ్చు.

రేషన్ కార్డులో పిల్లల పేరు. అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేది ఇదే. పెళ్లయి వేరు కాపురం పెట్టినా కార్డు ఇంకా అత్తమామలతోనో, అమ్మానాన్నలతోనో ఉమ్మడిగా ఉంటుంది, అందులో పిల్లల పేర్లు ఉండవు. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు చేయండి. రసీదు నంబరు దాచుకోండి. పేరు ఎక్కడానికి సమయం పడుతుంది కాబట్టి, ఆసుపత్రిలో మంచం పట్టాక మొదలుపెట్టే పని కాదిది.

తల్లీబిడ్డల కార్డు. గర్భిణిగా నమోదైనప్పుడు ఏఎన్‌ఎం (ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) ఇచ్చే ఎంసీపీ కార్డులో కాన్పు వివరాలు, బిడ్డ బరువు, టీకాలు అన్నీ ఉంటాయి. లామినేషన్ చేయించకండి. చేయిస్తే తర్వాతి టీకాలు రాయడానికి వీలుండదు. ప్లాస్టిక్ కవరులో పెడితే చాలు.

ఇప్పుడే చూసుకోండి:

- జనన ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు, ఈ మూడింటిలో పిల్లల పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా?
- తల్లి లేదా తండ్రి ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఇప్పటికీ వాడుకలో ఉందా?
- అన్నిటి ఫొటోలు ఇద్దరి ఫోన్లలోనూ ఉన్నాయా? రాత్రిపూట ఆసుపత్రికి పరుగెత్తేటప్పుడు బీరువా తాళం ఎవరికీ గుర్తుండదు.

## 2. మీరు ఏ పథకం కిందికి వస్తారో తేల్చుకోండి

ముందుగా, కార్డుతో సంబంధం లేనివి: టీకాలు, అంగన్‌వాడీ సేవలు, 108 వాహనం, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, నవజాత శిశువుల వైద్యం, ప్రభుత్వ బడుల్లో ఆరోగ్య పరీక్షలు. "మాకు తెల్ల కార్డు లేదు కదా" అని వీటికి దూరంగా ఉండకండి.

పెద్ద చికిత్సల విషయానికొస్తే:

- తెలంగాణ: రాజీవ్ ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు.
- ఆంధ్రప్రదేశ్: పాత ఆరోగ్యశ్రీయే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. పరిమితి 25 లక్షల రూపాయల వరకు.
- ఈఎస్‌ఐ: తల్లి లేదా తండ్రి నెల జీతం 21,000 రూపాయలలోపు ఉండి, జీతంలోంచి ఈఎస్‌ఐ కోత పడుతుంటే పిల్లలకూ వర్తిస్తుంది. ముందు ఈ దారి చూడండి. పోర్టల్‌లో పిల్లల పేరు ఎక్కించారో లేదో కంపెనీ హెచ్‌ఆర్‌ను అడగండి.
- ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లు: ఉద్యోగుల ఆరోగ్య పథకం విడిగా ఉంది.
- ఆయుష్మాన్ భారత్: కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు. బెంగళూరుకో, సూరత్‌కో వలస వెళ్లిన కుటుంబాలకు ఇది ముఖ్యం. జాబితాలో పేరుండి కార్డు తీసుకుంటే అక్కడ పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. సమాచారానికి 14555.

ఇక్కడ ఒక గందరగోళం చాలా ఇళ్లలో ఉంది. ఆభా కార్డు, ఆయుష్మాన్ కార్డు ఒకటి కావు. ఆభా అనేది మీ వైద్య రికార్డులను కలిపి ఉంచే 14 అంకెల నంబరు మాత్రమే, దాంతో ఒక్క రూపాయి బీమా కూడా రాదు. ఆభా తీసుకుని బీమా ఉందనుకుని ధీమాగా ఉండకండి.

అర్హత ఉందో లేదో అనుమానంగా ఉంటే 104కు ఫోన్ చేయండి. రేషన్ కార్డు నంబరు దగ్గర పెట్టుకుని చేస్తే పని త్వరగా అవుతుంది.

## 3. మొదట కలవాల్సిన ముగ్గురు

ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ టీచర్. మీ పేటకు ఎవరో తెలుసుకుని ఫోన్ నంబర్లు రాసుకోండి. పట్నంలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు వీళ్లెవరో తెలియకపోవడం మామూలే. దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికో, హైదరాబాద్‌లో అయితే బస్తీ దవాఖానకో వెళ్లి "మా వీధి ఆశ ఎవరు?" అని అడిగితే చెబుతారు.

ఇల్లు మారితే కొత్త చోట మీరే వెళ్లి పేరు రాయించుకోవాలి. పాత ఊరి రిజిస్టరులో ఉన్న బిడ్డ కోసం కొత్త ఊరి ఆశ వెతుక్కుంటూ రాదు.

అంగన్‌వాడీని కోడిగుడ్లు, బాలామృతం ఇచ్చే చోటుగానే చూస్తారు కానీ, అక్కడ నెలనెలా తీసే బరువు అంతకంటే విలువైనది. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు బిడ్డకు భుజం, మోచేయి మధ్య కొలిచే పట్టీలో కొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వచ్చినా, రెండు పాదాలూ వాచినా అది తీవ్ర పోషకాహార లోపం. వెంటనే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరుకు చూపించండి. ఆకలి లేకపోయినా, జ్వరం, విరేచనాల్లాంటివి తోడైనా పోషకాహార పునరావాస కేంద్రానికి పంపిస్తారు. అక్కడ రెండు వారాలు అటూఇటుగా ఉండాల్సి వస్తుంది. తోడున్న తల్లికి భోజనం, పోయిన కూలికి పరిహారం ఇస్తారు. "కూలి పోతుంది" అని మధ్యలో ఇంటికి వచ్చేసే తల్లులకు ఈ పరిహారం సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

## 4. పుట్టిన రోజు నుంచి ఏడాది వరకు

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, ఇంటికి చేర్చే వాహనం అన్నీ ఉచితం. ఏడాదిలోపు బిడ్డ జబ్బుపడి ప్రభుత్వ ఆసుపత్రిలో చేరినా ఇదే వర్తిస్తుంది. బయటి మెడికల్ షాపుకు చీటీ రాస్తే "స్టోర్‌లో లేదా సార్?" అని ఒకసారి మర్యాదగా అడగండి. చాలాసార్లు దొరుకుతుంది.

ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశ మీ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. రాకపోతే ఫోన్ చేసి పిలవండి. బిడ్డ బరువు తూయమనండి, బొడ్డు చూడమనండి. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మూణ్నెల్లకోసారి కూడా ఆమె రావాల్సి ఉంటుంది.

ఈ కింది లక్షణాల్లో ఏది కనిపించినా ఆశ కోసం ఎదురుచూడకండి. 108కి ఫోన్ చేసి, నవజాత శిశు చికిత్సా విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి:

- పాలు పట్టుకోవడం మానేయడం, మందంగా పడి ఉండటం
- ఒళ్లు చల్లబడటం లేదా కాలిపోవడం
- రెండు నెలల్లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకుమించి ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం
- ఫిట్స్
- అరచేతులు, అరికాళ్ల దాకా పసుపు రంగు పాకడం

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల తల్లిదండ్రులకు విడిగా ఒక మాట. 34 వారాల కంటే ముందు పుట్టినా, బరువు 2 కిలోల కంటే తక్కువ ఉన్నా, పుట్టిన 30 రోజుల్లోపు కంటి వెనకపొర పరీక్ష తప్పనిసరి. మరీ ముందుగా పుట్టినవాళ్లకు ఇంకా త్వరగా చేయాలి. బయటికి కళ్లు మామూలుగానే కనిపిస్తాయి. వారాల వ్యవధిలో చూపు పూర్తిగా పోవచ్చు, సమయానికి చేస్తే లేజర్‌తో ఆపవచ్చు. డిశ్చార్జ్ కాగితంలో కంటి పరీక్ష తేదీ రాసి ఉందో లేదో చూడండి, లేకపోతే రాయించుకోకుండా కదలకండి.

## 5. టీకాలు

మన రెండు రాష్ట్రాల్లోనూ ఊళ్లలో టీకాలు వేసేది సాధారణంగా బుధ, శనివారాల్లో. వరస ఇది:

- పుట్టగానే: బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్ బి
- 6, 10, 14 వారాలు: పెంటావాలెంట్, పోలియో చుక్కలు, రోటా చుక్కలు. 6, 14 వారాల్లో పోలియో ఇంజెక్షన్, న్యుమోకాకల్ కూడా
- 9 నెలలు నిండాక: మీజిల్స్ రుబెల్లా, న్యుమోకాకల్ బూస్టర్, పోలియో ఇంజెక్షన్ మూడో డోసు, విటమిన్ ఎ
- 16 నుంచి 24 నెలల మధ్య: మీజిల్స్ రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టర్, పోలియో బూస్టర్
- 5 నుంచి 6 ఏళ్లకు డీపీటీ రెండో బూస్టర్, 10, 16 ఏళ్లకు టీడీ

కొన్ని జిల్లాల్లో మెదడువాపు టీకా అదనం. విటమిన్ ఎ ఐదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకోసారి వేయించాలి.

యూ-విన్ పోర్టల్‌లో ఫోన్ నంబరుతో నమోదు చేసుకుంటే దేశంలో ఎక్కడ వేయించినా రికార్డు ఒకచోటే ఉంటుంది. పుట్టింట్లో కాన్పై, అత్తింటికి వెళ్లి, ఆపై పనుల కోసం ఇంకో ఊరు మారే తల్లులకు ఇది బాగా పనికొస్తుంది. తండ్రి నంబరుతో ఒకసారి, తల్లి నంబరుతో ఒకసారి నమోదు చేయిస్తే ఒకే బిడ్డకు రెండు రికార్డులు పుడతాయి, సర్టిఫికెట్‌లో సగం టీకాలే కనిపిస్తాయి. ఏదో ఒక నంబరు ఖాయం చేసుకోండి.

టీకా తప్పిపోతే: మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటు నుంచి కొనసాగిస్తారు. బీసీజీ ఏడాది లోపు, మీజిల్స్ రుబెల్లా ఐదేళ్ల లోపు, డీపీటీ ఏడేళ్ల లోపు వేయవచ్చు. "ఇంత ఆలస్యంగా వస్తారా" అని ఎవరైనా కోప్పడతారేమోనని మానేయకండి. కోప్పడినా టీకా వేస్తారు.

కొద్దిపాటి జలుబు, దగ్గు ఉన్నా టీకా వేయించవచ్చు. వేయించాక అరగంట అక్కడే కూర్చోండి. ఏ టీకా వేశారు, మళ్లీ ఎప్పుడు రావాలి, జ్వరం వస్తే ఏం వేయాలి, ఈ మూడూ అడిగి లేవండి.

## 6. పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో ఆలస్యం ఉంటే

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గురించి తెలిసినవాళ్లు తక్కువ. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా వర్తిస్తుంది. డాక్టర్లు, ఫార్మసిస్టు, నర్సు ఉన్న బృందం వాహనంలో అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఒకసారి వస్తుంది. గుండెలో రంధ్రం, గ్రహణం మొర్రి, వంకర పాదం, పుట్టు చెవుడు, కంటి శుక్లం, రక్తహీనత, పుచ్చుపళ్లు, మాటలు రాకపోవడం ఇవన్నీ చూస్తారు. తేడా కనిపిస్తే రిఫరల్ చీటీ రాస్తారు.

ఆ చీటీ పట్టుకుని వెళ్లాల్సిన చోటు జిల్లా సత్వర చికిత్సా కేంద్రం. జనం నోట్లో "డైక్" అంటారు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలో గానీ, బోధనాసుపత్రిలో గానీ ఉంటుంది. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి, మాట నిపుణులు, సైకాలజిస్టు, కంటి పరీక్షకులు, దంత వైద్యులు ఒకే కప్పు కింద ఉండేలా ఏర్పాటు చేసిన కేంద్రమిది. అన్ని జిల్లాల్లో అన్ని పోస్టులూ నిండి ఉండవు. అందుకే వెళ్లేముందు "మాట నిపుణులు ఏ రోజుల్లో ఉంటారు?" అని కనుక్కుని బయల్దేరండి.

దశలు ఇలా:

1. బృందం మీ ఊరికి వచ్చే తేదీ అంగన్‌వాడీ టీచరునో, హెడ్మాస్టరునో అడిగి తెలుసుకోండి. ఆ రోజు పిల్లవాడిని బడి మాన్పించకండి. వీలైతే మీరూ వెళ్లండి. పిల్లవాడి ఇబ్బంది గురించి టీచరుకు తెలియనివి మీకు తెలుస్తాయి.
2. తేదీ దాకా ఆగలేని పరిస్థితి అయితే పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి వెళ్లి చీటీ రాయించుకుని నేరుగా కేంద్రానికి వెళ్లండి. ప్రైవేటు బడుల్లో చదివే పిల్లలకు దారి ఇదే, బృందం అక్కడికి రాదు.
3. కేంద్రంలో మొదటిరోజు ఓపీ, పరీక్షలకే సరిపోతుంది. పొద్దున్నే చేరుకోండి. బిడ్డకు తిండి, బట్టలు తీసుకెళ్లండి.
4. థెరపీ మొదలైతే ఇంట్లో చేయించాల్సినవి వీడియో తీసుకుంటామని అడగండి. వారానికి ఒకసారి కేంద్రంలో చేసేదానికంటే రోజూ ఇంట్లో చేసేదే పిల్లవాడిని నడిపిస్తుంది.
5. ఆపరేషన్ అవసరమైతే ఏ ఆసుపత్రికి, ఏ పథకం కింద పంపుతున్నారో కాగితం మీద రాయించుకోండి.

వయసు విషయంలో రాజీపడకండి. వంకర పాదానికి పుట్టిన తొలి వారాల నుంచే వారం వారం కట్లు మారుస్తూ సరిచేస్తారు. వినికిడి పరీక్ష మొదటి నెలలో, లోపం నిర్ధారణ మూడో నెలకు, చికిత్స ఆరో నెలకు మొదలవ్వాలన్నది డాక్టర్లు పాటించే లెక్క. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని నాయనమ్మలు చెప్పేది ప్రేమతోనే. ఆ ప్రేమకు ఒక వినికిడి పరీక్ష జోడించండి.

## 7. ఆపరేషన్ లేదా ఆసుపత్రిలో చేరడం: ఆరోగ్యశ్రీ, వైద్య సేవ కింద

ఈ భాగం నెమ్మదిగా చదవండి.

మొదటి దశ. ఆసుపత్రితోపాటు విభాగం కూడా జాబితాలో ఉందా చూడాలి. ఒక ఆసుపత్రికి ఎముకల విభాగానికి అనుమతి ఉండి, పిల్లల సర్జరీకి లేకపోవచ్చు. బయట బోర్డు చూసి లోపలికి వెళ్లినవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. 104కు ఫోన్ చేసి జబ్బు పేరు, జిల్లా చెప్పి "ఈ చికిత్సకు ఏయే ఆసుపత్రులు?" అని అడగండి. కొన్ని చికిత్సలు ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు, వాటికి ప్రైవేటులో అనుమతి రాదు.

పిల్లల పెద్దాసుపత్రి అంటే హైదరాబాద్‌లో నీలోఫర్. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ కేజీహెచ్, గుంటూరు, కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రులు, తిరుపతి రుయాలో పిల్లల విభాగాలున్నాయి. గుండె ఆపరేషన్లకు తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీపద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది.

రెండో దశ. ఓపీ రుసుము కట్టేముందే మిత్రను కలవండి. పథకం జాబితాలోని (నెట్‌వర్క్) ఆసుపత్రి ముందుగదిలోనే, పథకం తరఫున సాయపడే ఆరోగ్య మిత్ర కౌంటరు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో వైద్య మిత్ర అంటున్నారు. కార్డు, పిల్లల ఆధార్, పాత రిపోర్టులు చూపించండి. పథకం కింద నమోదైతే ఓపీ, దానికి సంబంధించిన పరీక్షలు కూడా ఉచితమే. చివరికి ఆపరేషన్ అక్కర్లేదని తేలినా సరే.

మూడో దశ. కార్డులో బిడ్డ పేరు లేకపోతే చేతులెత్తేయకండి. పసిబిడ్డ అయితే తల్లి పేరున్న కార్డు, జనన ధ్రువపత్రం చూపించి ఏం చేయవచ్చో మిత్రను అడగండి. కౌంటరు దగ్గర నోటిమాటగా "కుదరదు" అంటే 104కు అక్కడి నుంచే ఫోన్ చేయండి. మరోపక్క సచివాలయంలో, మీసేవలో పేరు చేర్చే దరఖాస్తు ఆ రోజే పెట్టించండి.

నాలుగో దశ. ముందస్తు అనుమతి. డాక్టరు చికిత్స ఖాయం చేశాక ఆసుపత్రి వాళ్లు పథకాన్ని నడిపే ట్రస్టుకు రిపోర్టులు పంపి అనుమతి తీసుకోవాలి. ఈ పని వాళ్లదే, మీరు ఎక్కడికీ తిరగక్కర్లేదు. మీరు అడగాల్సింది కేసు నంబరు. అది మీ ఫోన్‌లో ఉంటే 104లో ఎక్కడ ఆగిందో తెలుసుకోవచ్చు. ప్రాణాపాయం అయితే ఫోన్‌లోనే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే వీలుంది.

ఐదో దశ. లోపల ఉన్నన్నాళ్లు. మందులు, పరీక్షలు, రోగికి భోజనం ప్యాకేజీలోవే. "ఈ ఇంజెక్షన్ పథకంలో రాదు, బయట తెచ్చుకోండి" అంటే, ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగండి. ఎక్కువసార్లు అవసరం అక్కడితో తీరిపోతుంది. డబ్బు కట్టక తప్పకపోతే రసీదు లేకుండా ఒక్క రూపాయీ ఇవ్వకండి. ఫిర్యాదుకు ఆధారం ఆ రసీదే.

ఆరో దశ. డిశ్చార్జ్. ఆ రోజు తొందరలో ఉంటారు. అయినా ఇవి చేతికి వచ్చాకే బయల్దేరండి:

- డిశ్చార్జ్ సమ్మరీ, అందులో మళ్లీ చూపించాల్సిన తేదీ
- స్కాన్, ఎక్స్‌రే ఫిల్ములు, రక్త పరీక్షల రిపోర్టులు
- పది రోజుల మందులు
- దారి ఖర్చు
- ఆపరేషన్ తర్వాత ఏడాది పాటు మందులు ఇచ్చే ఫాలోఅప్ ప్యాకేజీ మీ కేసుకు ఉందా అన్న సమాధానం

సంతకం పెట్టమని ఇచ్చే కాగితాల్లో "మా దగ్గర డబ్బు తీసుకోలేదు" అని మీరు ఒప్పుకునే పత్రం ఒకటి ఉంటుంది. తీసుకుని ఉంటే దానిమీద సంతకం చేయకండి. చదవడం రాకపోతే చదివి వినిపించమని పక్క మంచం వాళ్లనైనా అడగండి.

## 8. వైకల్యం ఉన్న పిల్లలకు

సదరం క్యాంపుకు (వైకల్యాన్ని ధ్రువీకరించే శిబిరం) స్లాట్ బుక్ చేసుకోవాలి. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో అడగండి. అక్కడ మెడికల్ బోర్డు చూసి శాతం రాస్తుంది, దాంతో యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) వస్తుంది. 2016 చట్టం ప్రకారం 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం, తలసేమియా, హిమోఫిలియా, సికిల్‌సెల్ కూడా వాటిలో ఉన్నాయని తెలియక చాలామంది దరఖాస్తే చేయరు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు. దీని ప్రత్యేకత ఏమిటంటే ఓపీ ఖర్చులు, థెరపీలు కూడా వస్తాయి, చేరడానికి ముందు వైద్య పరీక్షలు అడగరు. ఇది ఆరోగ్యశ్రీలా కాదు, బిల్లులు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతి. కాబట్టి థెరపిస్టు దగ్గర ప్రతి సిట్టింగ్‌కూ సంతకం, తేదీ ఉన్న రసీదు తీసుకోండి. ఏటా రెన్యువల్ మరిచిపోకండి.

## 9. పథకంలో లేని జబ్బయితే

ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేయవచ్చు. చికిత్సకు ముందైతే ఆసుపత్రి అంచనా పత్రం పెట్టి ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ఆసుపత్రికి రాసే హామీ పత్రం) అడుగుతారు, చికిత్స అయిపోయాక అయితే అసలు బిల్లులు పెట్టాలి. ఎమ్మెల్యే లేదా ఎంపీ సిఫారసు లేఖ తీసుకోండి. అసలు బిల్లులు ఇచ్చేముందు అన్నీ జిరాక్స్ తీయించుకోండి. పథకంలో వచ్చే జబ్బుకు ఇక్కడ దరఖాస్తు పెడితే తిరస్కరించే అవకాశమే ఎక్కువ.

అరుదైన జన్యు వ్యాధులకు 2021 జాతీయ విధానం కింద 50 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. దరఖాస్తు మీరు కాదు, గుర్తింపు పొందిన కేంద్రం చేయాలి. హైదరాబాద్‌లో అది నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ కలిసి నడిపే కేంద్రం. అక్కడ పిల్లవాడిని నమోదు చేయించడమే మొదటి పని.

## 10. పని ఆగిపోతే ఎవరి దగ్గరికి

గొడవ పడితే కౌంటరు దగ్గర మనిషి ఇంకా మొండికేస్తాడు. మెట్లు మెట్లుగా వెళ్లండి: మిత్ర, ఆసుపత్రిలోని పథకం డాక్టరు, 104, ట్రస్టు జిల్లా కోఆర్డినేటరు. టీకాలు, ఆశ, పీహెచ్‌సీ సంగతులైతే డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) కార్యాలయం. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమానికి వెళ్లండి. తెలంగాణలో అది ప్రజావాణి.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. బిడ్డ పేరు, వయసు, జబ్బు, కార్డు నంబరు, కేసు నంబరు, ఏ తేదీన ఎవరు ఏమన్నారు, మీకు ఏం కావాలి. కష్టాలన్నీ రాస్తే చదివేవాళ్లకు అసలు విషయం కనపడదు. అందినట్టు నంబరు తీసుకోండి.

## 11. ఇంటికొచ్చాక

ఉచితంగా జరిగిన చికిత్స వృథా అయ్యేది ఎక్కువగా ఈ దశలోనే. వంకర పాదానికి కట్లు తీసేశాక పాదం చక్కగా కనిపిస్తుంది, ఇంక డాక్టర్లు ఇచ్చిన ప్రత్యేక బూట్లు ఎందుకని మానేస్తారు. ఆ బూట్లు మొదట రోజంతా, తర్వాత నిద్రలో నాలుగేళ్ల వయసు దాకా వేయాలి. మానేస్తే పాదం మళ్లీ వంగుతుంది. గుండె ఆపరేషన్ అయిన పిల్లలను, మందులు అయిపోయాక, బాగానే ఆడుకుంటున్నారని పరీక్షకు తీసుకెళ్లరు.

తర్వాతి తేదీని ఇంటి క్యాలెండర్ మీద రాయండి, ఆశకు కూడా చెప్పండి. అదే ఆసుపత్రికి, అదే కేసు నంబరుతో వెళ్లండి. వేరే చోటికి వెళ్తే పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేస్తారు. ఫోన్ నంబరు మారిస్తే కొత్తది మిత్రకు, కేంద్రానికి చెప్పండి, రమ్మని పిలిచేది ఆ నంబరుకే.